తల్లి వద్దనగలదా?

బళ్లారి కంటోన్మెంటులో ఇప్పుడు దండు లేదు. పేరుంది, పాత బంగళాలున్నాయి, ఆ పేరుతోనే ఒక రైల్వే స్టేషనుంది. ఒకప్పుడు పల్టనుకు సరుకులమ్మిన కౌల్ బజారు సందుల్లో ఇవాళ జీన్సు ప్యాంట్లు కుట్టే మిషన్ల మోత. ఊరివాళ్లు విమ్స్ అనే పెద్దాసుపత్రికి ఇటు సండూరు, సిరుగుప్పల నుంచీ, అటు ఆంధ్రలోని రాయదుర్గం, ఆలూరు పల్లెల నుంచీ జనం వస్తూనే ఉంటారు. ఈ పేటలో శిలువ గుర్తున్న గేట్లు కూడా తక్కువేం కావు. అలాంటి గేటు ముందు చంకలో ఒక బిడ్డతో, వేలు పట్టుకున్న మరో బిడ్డతో ఆడమనిషి నిలబడి ఉండటం ఈ ఊరివాళ్లకు కొత్త కాదు. లోపలికి రానిస్తారా లేదా అన్నది ఆమె దిగులు. నా దిగులు వేరు. లోపలికి వెళ్లాక ఆమె దేన్నయినా వద్దనగలదా? పిల్లవాణ్ణి ఇక్కడే వదిలి వెళ్లమన్నా, ప్రార్థనకు రమ్మన్నా, ఫొటోకు నిలబడమన్నా ఆమెకు నోరు పెగులుతుందా? ఏడాది తర్వాత నా బిడ్డను తీసుకుపోతానని ధైర్యంగా అడగగలదా?

సాయం మాట వచ్చినప్పుడల్లా మనం ఇచ్చేవాడి మనసు చుట్టూనే తిరుగుతాం. దయ ఉండి చేస్తున్నాడా, పుణ్యం కోసమా, పేరు కోసమా, మతం మార్చడానికా? ఇచ్చేవాడి మనసు దేవుడికి తెలుస్తుందని నమ్మేవాళ్లంటారు. దేవుణ్ణి నమ్మని నాలాంటివాడికి ఆ మనసులోకి తొంగిచూసే దారే లేదు. పుచ్చుకున్న మనిషికి ఏం మిగిలిందన్నది మాత్రం ఎవరైనా చూడవచ్చు. కడుపు నిండిందా అన్నది మొదటి ప్రశ్న. దాని తర్వాత ఇంకొకటుంది: కాదనే హక్కు ఆ మనిషి చేతిలో మిగిలిందా? మనుషుల మధ్య జరిగే మంచిపనిని ఈ రెండో ప్రశ్నతోనే కొలవాలని నాకనిపిస్తుంది.

బళ్లారికి చర్చి దండు వెనకే వచ్చింది. 1800లో నిజాం ఈ సీమను కుంపినీకి ధారపోశాడు. పదేళ్లకు, 1810లో, లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హ్యాండ్స్ ఇక్కడికి చేరాడు. బైబిలును కన్నడంలోకి తెచ్చే పని ఈ ఊళ్లోనే చేశాడు. 1846లో వార్డ్‌లా అనే మిషనరీ పేరిట బడి వెలిసింది. కతోలికులకు 1949లో బళ్లారి కేంద్రంగా ప్రత్యేక మేత్రాసనం ఏర్పడింది. దాని సేవా విభాగం పేరు బళ్లారి డయోసిసన్ డెవలప్‌మెంట్ సొసైటీ. ఇటువంటి సంస్థలు దేశమంతటా మేత్రాసనానికొకటి చొప్పున ఉన్నాయి. మహిళా సంఘాలు, పొదుపు, పిల్లల చదువు, పనిలోంచి పిల్లల్ని బడికి తేవడం, విపత్తులొచ్చినప్పుడు ఆదుకోవడం వాటి పని. ఊరివాళ్లకు ఇన్ని పేర్లు పట్టవు. అందరినీ కలిపి మిషనోళ్లు అంటారు. నేను అడిగే ప్రశ్న ఏదో ఒక సంస్థను పట్టుకుని అడిగేది కాదు. రెండు శతాబ్దాలుగా ఈ నేలమీద జరుగుతున్న ఒక రకం పనిని గురించి అడిగేది.

దండు ఉన్నచోట దండు పిల్లలుంటారు. సీమ నుంచి వచ్చిన సోల్జర్లకు ఇక్కడి ఆడవాళ్లతో పుట్టిన పిల్లలు. తండ్రి చస్తాడు, లేదా పల్టనుతో వెళ్లిపోతాడు. ఇటువంటి మగపిల్లల కోసమే 1789లో మద్రాసు ఎగ్మూరులో ఒక అనాథ శరణాలయం తెరిచారు. ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు దానికి సూపరింటెండెంటు. చదువు వచ్చిన పిల్లాడు రాని పిల్లాడికి చెప్పే పద్ధతిని అక్కడ ప్రయోగించి, ఇంగ్లండుకు తీసుకెళ్లి పేరు తెచ్చుకున్నాడు. విద్యాచరిత్ర పుస్తకాల్లో ఆ సంగతి ఉంటుంది. ఆ పిల్లల్లో చాలామందికి తల్లులు బతికే ఉన్నారన్నది అంతగా కనబడదు. నల్ల తల్లుల దగ్గర ఉంటే చెడిపోతారని వాళ్లను విడదీయడమే ఆ శరణాలయాల ఉద్దేశాల్లో ఒకటి. అన్నం పెట్టారు, అక్షరాలు నేర్పారు, బతుకుతెరువు చూపించారు. అవన్నీ నిజమే. తల్లిని మాత్రం ఎవరూ అడగలేదు. అడగవలసిన మనిషి ఒకతె ఉందన్న ఊహే వాళ్లకు రాలేదు. మంచిపని చేసేవాళ్లకు తరచూ పట్టే గుడ్డితనం ఇదేననుకుంటాను.

ధాత కరువు నాటికి ప్రశ్న ఇంకా పదునెక్కింది. 1876 నుంచి 78 వరకు మద్రాసు రాజధానిలో ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్లారి ఒకటి. కరువు పనుల్లో రాళ్లు కొట్టే మగమనిషికి రోజుకొక పౌను గింజలు, దానిమీద ఒక అణా చాలునని కరువు వ్యవహారాలు చూడటానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. ఆ తిండితో పనిచేస్తే మనుషులు చచ్చిపోతారని రాజధాని ఆరోగ్యాధికారి కార్నిష్ ఎదురు తిరిగాడు. సర్కారు గింజలు తూకం వేస్తున్న ఆ రోజుల్లోనే ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత దూరం తవ్వే కంట్రాక్టు తీసుకుని వేలమంది మాదిగలకు కూలీ ఇప్పించాడు.

క్లౌ చేసిన ఇంకో పని నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. కరువు సాయం పంచుతున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. మెతుకు కోసం వచ్చినవాడు మతం కోసం వచ్చానని చెబితే నమ్మడమెలా అన్నది ఆయన సందేహం. పంపిణీ ముగిశాకే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఈ అంకెను చర్చివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు, గిట్టనివాళ్లు దెప్పడానికి వాడతారు. నేను ఆ అంకె దగ్గర ఆగను, దానికి ముందటి విరామం దగ్గర ఆగుతాను. తన చేతిలో గింజలున్నంత కాలం ఎదుటివాడి ఔను ఔను కాదని ఆ మనిషికి తెలిసింది. అంతటి మతావేశమున్నవాడు అంతకాలం ఓర్చుకున్నాడు. ఆ విరామంతో లెక్క సరిపోయిందని నేననను. నిన్నటిదాకా అన్నం పెట్టిన చెయ్యి రేపు మళ్లీ కరువొస్తే పెట్టదేమోనన్న భయం పంపిణీ ఆగిన మర్నాడే పోదు. అయితే ఇంకొక సంగతి కూడా చెప్పాలి. తోళ్ల వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద కరువుకు పదేళ్ల ముందే, తన ఆధ్యాత్మిక వెతుకులాటలో భాగంగా, క్రైస్తవంలోకి వచ్చాడు. ఊరూరా తనవాళ్లకు చెప్పుకుంటూ తిరిగాడు. ఆ ఉద్యమం గంజి కేంద్రంలో పుట్టింది కాదు. మాదిగలకు తమదైన ఆలోచన ఉండదనీ, మెతుకు ఎటు చూపితే అటు నడుస్తారనీ అనుకునేవాళ్లకు పేరయ్య కథ మింగుడుపడదు.

ఆ అనుకోవడం ఇప్పటికీ పోలేదు. చట్టంలోకే ఎక్కింది. 2022లో కర్ణాటక చేసిన మతస్వేచ్ఛ రక్షణ చట్టం మత సంస్థల బడిలో ఉచిత చదువును కూడా ప్రలోభాల జాబితాలో చేర్చింది. మామూలు మనిషిని బలవంతంగానో మోసంతోనో మారిస్తే మూడు నుంచి ఐదేళ్ల శిక్ష. మైనర్లను, మతిస్థిమితం లేనివాళ్లను, ఆడవాళ్లను, దళిత ఆదివాసులను మారిస్తే పదేళ్ల దాకా. ఆ వరుస మళ్లీ ఒకసారి చదవండి. చదువుకున్న ఆడమనిషి అయినా, పట్టా పొందిన దళితుడయినా పసిపిల్లల పక్కన, మతిలేనివాళ్ల పక్కన నిలబడ్డారు. ఈ చట్టాన్ని రద్దు చేయాలని తర్వాతి ప్రభుత్వపు మంత్రివర్గం 2023లో తీర్మానించింది. చట్టం ఉండటం, పోవడం రాజకీయం. దాని వెనకున్న చూపు గురించి నేను మాట్లాడుతున్నాను. కంటోన్మెంటు గేటు దగ్గర నిలబడ్డ ఆ తల్లికి తన మంచి తెలియదని ఎగ్మూరు శరణాలయం అనుకుంది. ఆమెకు తన మతం తెలియదని ఈ చట్టం అనుకుంది. రెండూ ఆమెను కాపాడాలనే చూశాయి, రెండూ ఆమెను అడగలేదు.

సేవకూ సర్కారు లాఠీకీ పొత్తు కుదిరితే ఏమవుతుందో బాపట్ల దగ్గరి స్టువర్టుపురం చెబుతుంది. 1913లో ఎరుకల కుటుంబాలను అక్కడ చేర్చి, ఆ సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టారు. సర్ హెరాల్డ్ స్టువర్టు అనే అధికారి పేరు పెట్టారు. నేరస్థ జాతుల చట్టం కింద పుట్టుకతోనే దొంగలన్న ముద్ర. వేళకు హాజరు పలకాలి, బయటికి పోవాలంటే పాసు కావాలి. ఇటువంటి సెటిల్‌మెంట్లలో పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుగా బోర్డింగుల్లో పెట్టి పెంచారు. అమ్మానాన్నల అలవాట్లు అంటకూడదట. బడి, వైద్యం, పని అన్నీ ఇచ్చామని నిర్వాహకులు రాసుకున్నారు. ఇచ్చే ఉంటారు. వద్దనడానికి వీల్లేని చోట ఇచ్చినదాన్ని సేవ అనడానికి నాకు మనసొప్పదు. ఆ చట్టం 1952లో పోయింది, ముద్ర పోలేదు. 1970ల్లో అదే స్టువర్టుపురానికి హేమలతా లవణం వెళ్లారు. కవి జాషువా కూతురు, నాస్తికుడు గోరా కోడలు. ఇళ్లలో కూర్చుని మాట్లాడుతూ, పోలీసులకూ వాళ్లకూ మధ్య నిలబడుతూ ఏళ్ల తరబడి పనిచేశారు. ఆమె చేతిలో హాజరు పట్టీ లేదు. ఎరుకలవాళ్లు ఆమెను పొమ్మనగలిగేవాళ్లు. పొమ్మనలేదు. తేడా అక్కడుంది.

ఇక ఇప్పటి సంగతి. కౌల్ బజారు వైపు సందులో ఒక అద్దె గది. చాప మీద జీన్సు ప్యాంట్ల కుప్ప. మిషను మీద కుట్టాక జేబుల దగ్గరా, బెల్టు లూపుల దగ్గరా దారపు కొసలు మిగులుతాయి. వాటిని చిన్న కత్తెరతో కత్తిరిస్తే ప్యాంటుకింత అని ఇస్తారు. తల్లి కత్తిరిస్తోంది, పక్కన పదేళ్ల పిల్ల కూడా. ఇద్దరి వేళ్ల కొసలూ నీలంగా ఉన్నాయి. కొత్త గుడ్డ రంగు దిగుతుంది, సబ్బుతో రుద్దినా ఒకపట్టాన పోదు. ఒక సేవా సంస్థ తరఫున ఒక సన్యాసిని వచ్చి గడప మీద కూర్చుంది.

“సిస్టరమ్మా, పెద్దోణ్ణి మీ హాస్టల్లో ఏసుకోండి. పుణ్యముంటాది.”

“ఎందుకు పంపాలనుకుంటున్నావమ్మా?”

“ఈడుంటే ఏం తింటాడు? మా ఆయన పోయినకాడ్నుంచి బాడిగకే సాలడం లేదు.”

“బాడిగా తిండీ ఎలాగో సర్దుకుందనుకో. అప్పుడూ పంపుతావా?”

ఆమె కత్తెర పక్కన పెట్టింది. “అప్పుడెందుకు పంపుతానమ్మా? వాడు లేకుంటే ఈ పిల్లకు రాత్రి నిద్ర పట్టదు.”

ఆ రెండో ప్రశ్నను ఈ పేటలో రెండు వందల ఏళ్లలో ఎంతమంది అడిగారో నాకు తెలియదు. అది అడిగాక సిస్టరమ్మ పని పెరిగింది. హాస్టల్లో చేర్చుకుంటే ఒక సంతకంతో పోయేది. ఇప్పుడు నాడకచేరి అనే రెవెన్యూ ఆఫీసుకు వెళ్లి ఆదాయ పత్రం తేవాలి, భర్త మరణ పత్రం తేవాలి, పిల్లల పేరున బ్యాంకు ఖాతా తెరవాలి. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద తండ్రి లేని పిల్లలకు స్పాన్సర్‌షిప్ ఉంది, నెలకు 4,000 రూపాయలు. పట్నంలో కుటుంబం ఏడాది ఆదాయం 96,000 దాటకూడదు, పల్లెలో అయితే 72,000. జిల్లా కలెక్టరు నాయకత్వంలోని కమిటీ ఒప్పుకోవాలి. కాగితాలన్నీ కన్నడంలో, ఆమెకు తెలిసింది తెలుగు మాట, ఏ అక్షరమూ రాదు. 1953 అక్టోబరు 1న ఈ తాలూకా మైసూరులోనూ, పక్కనే ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలోనూ పడ్డప్పుడు గీసిన గీత ఆమె ఫారం మీద ఇంకా ఉంది. దేవదాసి ఆచారం ఉన్న పల్లెల నుంచి వచ్చిన తల్లులకు ఇంకో చిక్కు. కర్ణాటకలో 1982లో, ఆంధ్రలో 1988లో ఆ ఆచారాన్ని నిషేధించారు. ఇక్కడ బసివి అనే దేవదాసి బిడ్డకు ఫారంలో తండ్రి పేరనే గడి మాత్రం ఇప్పటికీ గుండెల్లో గుబులే. ఈ గడులు నింపించడం, ఆఫీసు చుట్టూ తిరగడం, మళ్లీ రమ్మన్నప్పుడు మళ్లీ వెళ్లడం. దీనికి ప్రారంభోత్సవం ఉండదు, శిలాఫలకం ఉండదు, దాతలకు పంపడానికి మంచి ఫొటో దొరకదు. నా మటుకు నాకు కంటోన్మెంటులో జరుగుతున్న అన్నిటికన్నా పెద్ద సేవ ఇదే.

ఇంత చెప్పాక, ఇంటిని గుడి చేసి మాట్లాడుతున్నానని అనుకోవద్దు. తాగి కొట్టే తండ్రి ఉన్న ఇల్లు ఇల్లే, పదమూడేళ్లకు పెళ్లి చేసేసే ఇల్లూ ఇల్లే. హాస్టలుకు పంపడం ఎన్నో దళిత కుటుంబాల్లో తల్లి తెలిసి చేసిన ఎంపిక. ఊళ్లో చాకిరీ నుంచి బిడ్డను తప్పించాలని పస్తులుండి పంపినవాళ్లున్నారు. మిషను హాస్టళ్లలో చదివి టీచర్లు, నర్సులు అయినవాళ్లు తెలుగు నేలంతా ఉన్నారు. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో చదివి కలెక్టర్లయినవాళ్లూ ఉన్నారు. వాళ్ల ముందు నిలబడి హాస్టలు తప్పని చెప్పే అర్హత నాకు లేదు.

2020 సెప్టెంబరులో ఎగ్మూరుకు తలకిందులైన సంగతి జరిగింది. కోవిడ్ రోజులు. బాలల సంరక్షణ గృహాల్లోని పిల్లలను వంద రోజుల్లోగా ఇళ్లకు పంపేలా చూడమని జాతీయ బాలల హక్కుల కమిషన్ ఎనిమిది రాష్ట్రాలకు చెప్పింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక మూడూ అందులో ఉన్నాయి. ఆ ఎనిమిది రాష్ట్రాల్లో కలిపి గృహాల్లో ఉన్నవాళ్లు 1.84 లక్షల మంది. పిల్లల చోటు ఇల్లేనన్న మాట సరైనదే. 2015 నాటి బాల న్యాయ చట్టం కూడా సంస్థను చిట్టచివరి దారిగానే చూడమంటుంది. అదే చట్టం బిడ్డ మాట వినమని కూడా అంటుంది. లక్షా ఎనభై వేల మంది మాట వంద రోజుల్లో వినడమెలా? ఏ ఇంట్లో కూలి పోయిందో, ఏ ఇంట్లో తాగుడు పెరిగిందో, ఏ పిల్ల ఏ బంధువుకు భయపడి అక్కడికి వచ్చిందో చూడకుండా గడువు పెట్టడం ఎగ్మూరు తప్పునే తిరగేసి చేయడం. అక్కడ అడగకుండా తీసుకున్నారు, ఇక్కడ అడగకుండా పంపమన్నారు. ఇల్లా, హాస్టలా అన్నదాన్ని నేను మొదటి ప్రశ్నగా తీసుకోలేకపోవడానికి కారణమిదే. బిడ్డకూ తల్లికీ అందులో నోరుందా, వెనక్కి రావడానికి తలుపు తెరిచి ఉందా అన్నవే మొదట అడగాలి.

ఈ కొలత చర్చికి మాత్రమే పెడుతున్నానని ఎవరైనా అనుకుంటే అది నా రాతలోని లోపం. తుమకూరు సిద్ధగంగ మఠంలో 2019 వరకు శివకుమార స్వామి వేలాది పిల్లలకు, కులమతాలు చూడకుండా, తిండి పెట్టి చదువు చెప్పించారు. అక్కడా ఇదే అడగాలి, సర్కారు గురుకులాల్లోనూ ఇదే అడగాలి. బళ్లారికి పొరుగునున్న అనంతపురానికి 1969లో వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ ఆ మరుసటి ఏడాదే జెస్యూట్ సంఘం వదిలేశాడు. సాయంతో పాటు ఊరిని తన కాళ్లమీద నిలబెట్టేలా, పిల్లలు తమ పేటల్లోనే ఉండి చదువుకునేలా ఆయన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పని సాగింది. 2009లో ఆయన పోయినప్పుడు జనం ఏ మతం కోసమో కాదు, ఆ మనిషి కోసమే ఏడ్చారు.

విశ్వాసం లేకుండా ఇంత ఓపిక సాధ్యమా అన్నది నాకు నేను చాలాసార్లు వేసుకున్న ప్రశ్న. నాడకచేరి బల్ల మీద మధ్యాహ్నమంతా కూర్చుని, మళ్లీ సోమవారం రమ్మంటే నవ్వుతూ లేచే ఆ సిస్టరమ్మకు ఆ శక్తి తన ప్రార్థన నుంచి వస్తుందని ఆమె నమ్ముతుంది. కాదనడానికి నేనెవరిని? హేమలతా లవణానికి ఆ శక్తి దేవుడు లేని చోటు నుంచి వచ్చింది. ఊట ఎక్కడిదన్న తగవు నాకక్కర్లేదు. ఆ తల్లి తన దేవుడి పటం తన గోడమీదే ఉంచుకుని, సిస్టరమ్మతో మాట్లాడి, సాయం తీసుకుని, వద్దనుకున్నదాన్ని వద్దనగలిగితే, ఆ రెండు దారులూ నాకు సమానమే. సేవలో ఉన్నవాళ్లు తమ నమ్మకాన్ని దాచుకోవాలని నేనడగను. ఎదుటి మనిషి ఆకలితో ఉన్నప్పుడు ఆ నమ్మకం గురించి మాట్లాడకుండా ఉండగలగాలని మాత్రం అడుగుతాను. దాతకు కృతజ్ఞతా పత్రం రాయించేటప్పుడు, రాయను అన్న పిల్లకు కూడా మర్నాడు అదే పాలగ్లాసు అందాలని అడుగుతాను.

ఇది చదివేవాళ్లలో పుట్టినరోజుకో, పెద్దల తద్దినానికో ఏదో ఒక ఆశ్రమానికి బియ్యం, పండ్లు, డబ్బు ఇచ్చేవాళ్లుంటారు. ఇవ్వండి, మానొద్దు. ఈసారి ఇచ్చేటప్పుడు మీ దగ్గర ఎంతమంది పిల్లలున్నారని అడిగి ఊరుకోకండి. గడిచిన ఏడాదిలో ఎంతమంది తల్లి దగ్గరికి తిరిగి వెళ్లారు, వెళ్లాక వాళ్ల ఇంటికి మీవాళ్లెవరైనా వెళ్లి చూసి వచ్చారా అని కూడా అడగండి.